మద్రాసు దారిలో మజిలీ: కైరో షెపర్డ్ హోటల్

కైరోలో నైలు ఒడ్డున, గార్డెన్ సిటీ మొదట్లో, షెపర్డ్ పేరుతో పెద్ద హోటల్ భవనం ఒకటుంది. పాత ఫొటోలు చూసి వచ్చినవాళ్లు దాని ముందు నిలబడి తికమకపడుతుంటారు. ఫొటోల్లో వీధిని ఆనుకుని ఎత్తైన అరుగు, అరుగు నిండా పేము కుర్చీలు, కింద గుర్రబ్బళ్లు, పాములవాళ్లు. ఇక్కడ చూస్తే నది, కార్ల రొద, 1950ల నాటి కాంక్రీటు. ఆ అరుగు ఇక్కడ ఎన్నడూ లేదు. ఇక్కడికి సుమారు రెండు కిలోమీటర్ల దూరంలో, ఎజ్బెకియా తోట ఎదుట ఉండేది. 1952 జనవరి 26న తగలబడిపోయింది.

షెపర్డ్ అనే పేరు మొత్తం నాలుగు కట్టడాలు మారింది. 1840ల మొదట్లో ఒక చిన్న బస. 1851 నాటికి ఒక మమ్లూకు దొర (మమ్లూకులంటే ఈజిప్టులో పెత్తనం చేసిన యోధుల వర్గం) పాత మేడ. 1891లో ఆ మేడ స్థానంలో లేచిన భారీ భవనం. 1957లో నది ఒడ్డున ఇప్పటిది. నాలుగింటి కథలూ కలగాపులగం కావడం వల్లే నెపోలియన్ షెపర్డ్ హోటల్లో దిగాడన్న మాట పుట్టింది. నెపోలియన్ దిగింది ఆ మేడలో, అది హోటల్ కావడానికి 50 ఏళ్లకు పైగా ముందు.

ఈ హోటల్ గురించి రాసేటప్పుడు చాలామంది అక్కడ బస చేసిన ప్రముఖుల పేర్లు వరసబెడతారు. దానివల్ల తెలిసేది తక్కువ. ఇది ఎందుకు పుట్టింది, ఎందుకు అంత పెరిగింది, ఎందుకు కాలింది అన్నవి తెలియాలంటే అతిథుల రిజిస్టరు పక్కనబెట్టి దారుల పటం తీయాలి. లండన్ నుంచి బొంబాయి, మద్రాసు, కలకత్తాలకు వచ్చే దారి పటం.

84 మైళ్ల ఎడారి

తెరచాప ఓడలో ఆఫ్రికా కొన చుట్టి ఇండియా చేరాలంటే నాలుగు నుంచి ఆరు నెలలు. మధ్యధరా సముద్రం మీద ఈజిప్టు దాకా వచ్చి, అక్కడ నేల మీదుగా ఎర్రసముద్రం అందుకుంటే నెలన్నర అటూ ఇటూ. థామస్ వాగ్‌హార్న్ అనే మాజీ నావికుడు 1830లలో ఉత్తరాల సంచులు మోసి ఈ లెక్క నిజమేనని చూపించాడు. పీ అండ్ ఓ అనే బ్రిటిష్ ఓడల కంపెనీ దాన్ని స్థిరమైన సర్వీసుగా మార్చింది. 1842లో ఇంగ్లండు నుంచి బయల్దేరిన 'హిందూస్థాన్' అనే స్టీమరుతో సూయెజ్ నుంచి సింహళంలోని గాలె, మద్రాసు మీదుగా కలకత్తాకు రాకపోకలు మొదలయ్యాయి.

ఈజిప్టులో ప్రయాణం నాలుగు అంచెలు. అలెగ్జాండ్రియాలో ఓడ దిగి, మహమూదియా కాలువలో పడవ మీద 48 మైళ్లు. కాలువ నైలులో కలిసే అత్ఫ్ దగ్గర చిన్న స్టీమరెక్కి సుమారు 120 మైళ్లు ఎదురీదితే కైరో రేవు బూలాక్. రేవు నుంచి గాడిద మీదో బండిలోనో ఊళ్లోకి. ఆఖరి అంచె కైరో నుంచి సూయెజ్‌కు 84 మైళ్ల ఎడారి. రెండు చక్రాల బండికి ఆరుగురు, లాగడానికి గుర్రాలూ కంచరగాడిదలూ కలిపి నాలుగు, అయిదారు మైళ్లకో ఠాణా, ప్రతి ఠాణాలో జంతువుల మార్పు. పెట్టెలు ఒంటెల మీద విడిగా వచ్చేవి. సూయెజ్‌లో స్టీమరుకు కావలసిన బొగ్గును కూడా కొంతకాలం ఒంటెలే మోశాయి.

ఇక్కడే హోటల్‌కు చోటు దొరికింది. ఓడ వచ్చిందంటే వంద, రెండొందల మంది ఒక్కసారే కైరోలో పడతారు. సూయెజ్‌లో ఎదుటి ఓడ సిద్ధమైందన్న కబురు వచ్చేదాకా కదలలేరు. అందరికీ ఒకేసారి స్నానానికి నీళ్లు, భోజనం, మంచం కావాలి. మర్నాడో మూడోనాడో అందరూ ఒకేసారి ఖాళీ చేస్తారు. ఆ తర్వాత వచ్చే ఓడ దాకా గదులు బోసిగా ఉంటాయి. కాశీయాత్రలో మజిలీ ఊళ్లు ఎలా బతికాయో ఇదీ అంతే. మజిలీ అన్న మాట కూడా అరబ్బీ 'మంజిల్' నుంచి మనకు వచ్చిందే.

శామ్యూల్ షెపర్డ్ ఇంగ్లండులో నార్తాంప్టన్‌షైర్ పల్లెటూరివాడు, మిఠాయి వంటవాడి దగ్గర పని నేర్చినవాడు. ఓడలో గొడవపడిన నావికుల పక్షం వహించినందుకు సూయెజ్‌లో దించేశారని చెప్పుకుంటారు. కైరోలో హోటల్ పనిలో చేరి కొద్ది కాలంలోనే యజమాని అయ్యాడు. అతని తెలివంతా ఒక్క విషయంలో ఉంది: తన గిరాకీ ఊరివాళ్లు కాదు, ఈజిప్టు చూడ్డానికి వచ్చినవాళ్లు కూడా కాదు, ఇండియాకు పోయేవాళ్లూ ఇండియా నుంచి తిరిగొచ్చేవాళ్లూ అని గుర్తించాడు. మద్రాసు ప్రెసిడెన్సీలో రాజమండ్రికో కడపకో బదిలీ మీద వచ్చే దొర ముందు కైరోలో ఈయన రొట్టె తిని, తర్వాత సూయెజ్‌లో ఓడెక్కి, చివరికి మద్రాసు తీరాన అలల మీద మసులా పడవలోంచి తడిసి ముద్దై దిగేవాడు. అప్పటికి మద్రాసుకు హార్బరు లేదు.

మేడ చేతులు మారడం

1851కి షెపర్డ్ మారిన మేడ ముహమ్మద్ బే అల్ అల్ఫీ అనే మమ్లూకు దొర కట్టించుకున్నది. 1798లో అది పూర్తయిందో లేదో ఫ్రెంచి సైన్యం వచ్చిపడింది. ఆయన ఎగువ ఈజిప్టుకు పారిపోయాడు, నెపోలియన్ అందులో కాపురం పెట్టాడు. నెపోలియన్ వెళ్లిపోయాక బాధ్యత తీసుకున్న సేనాని క్లెబర్‌ను 1800 జూన్ 14న సులేమాన్ అల్ హలబీ అనే యువకుడు ఆ ఆవరణలోని తోటలోనే పొడిచి చంపాడు. తర్వాత అదే మేడలో రిఫాఆ అల్ తహ్తావీ భాషల బడి నడిపాడు. ఫ్రెంచి శాస్త్ర గ్రంథాలను అరబ్బీలోకి తెచ్చే అనువాదకులను తయారుచేసిన బడి అది. ఈజిప్టు పాలకుడు అబ్బాస్ పాషా హయాంలో బడి మూతపడింది, మేడ హోటలైంది. కైరో చరిత్ర తెలిసినవాళ్లకు ఈ మార్పు మామూలు అద్దె ఒప్పందంలా కనిపించదు.

షెపర్డ్ 1861లో హోటల్‌ను ఫిలిప్ జెక్ అనే బవేరియావాసికి 10,000 పౌండ్లకు అమ్మేసి స్వదేశం వెళ్లిపోయాడు. మంచి సమయం చూసుకున్నాడనే అనాలి. 1856లో అలెగ్జాండ్రియా–కైరో రైలు పూర్తయింది, 1858లో పట్టాలు సూయెజ్ చేరాయి. ఎడారి బండ్లు మూలపడ్డాయి. మూడు రోజుల పని ఒక్క రోజుకు తగ్గితే మజిలీకి అవసరమూ తగ్గుతుంది. 1869 నవంబరు 17న సూయెజ్ కాలువ తెరిచాక ఇండియా ఓడలకు కైరోతో సంబంధం క్రమంగా తెగిపోయింది. పోర్ట్ సయీద్‌లో దూరి సూయెజ్‌లో తేలడమే.

లెక్క ప్రకారం షెపర్డ్ హోటల్ అక్కడితో మూతపడాలి. పడలేదు. ఈ చిక్కుముడిని కాస్త నెమ్మదిగా విప్పాలి.

ఒక కారణం ఊరే. ఎజ్బెకియా ఒకప్పుడు నైలు వరదకు ఏటా నిండే చెరువు. దాన్ని పూడ్చి తోట చేశారు. 1860ల చివర్లో ఈజిప్టు పాలకుడు ఖెదీవ్ ఇస్మాయిల్ పారిస్ నమూనాలో కొత్త కైరో కట్టించేటప్పుడు ఆ తోటనే నట్టనడుమ పెట్టుకున్నాడు. తోట పక్కన ఒపేరా హౌస్ కొన్ని నెలల్లోనే లేచి 1869 నవంబరులో తెరుచుకుంది. హోటల్ కదలకుండా ఉన్నచోటే ఉంది, ఊరి కేంద్రం నడిచి దాని గుమ్మంలోకి వచ్చింది. రెండోది థామస్ కుక్. 1869లోనే ఆయన మొదటి బృందాన్ని నైలు మీద తిప్పాడు. నవంబరు నుంచి మార్చి దాకా ఐరోపా చలి తప్పించుకునేవాళ్లు, ఊపిరితిత్తుల జబ్బుకు పొడి గాలి మంచిదని డాక్టర్లు పంపినవాళ్లు, పిరమిడ్లు చూడాలనుకున్నవాళ్లు కొత్త గిరాకీ అయ్యారు.

మూడోది 1882 ఆక్రమణ. కాలువను కాపాడుకోవడానికి బ్రిటన్ సైన్యాన్ని దించింది. కాలువ దేనికి? ఇండియా దారికి. అంటే ఆ దారి హోటల్‌ను వదిలేసి వెళ్లినట్టే వెళ్లి, సైనికాధికారుల రూపంలో తిరిగొచ్చింది. సెప్టెంబరు 13న తెల్ ఎల్ కబీర్‌లో, తిరగబడ్డ ఈజిప్టు సేనాని ఉరాబీ సేనను ఓడించిన దండులో మద్రాసు శాపర్స్ కూడా ఉన్నారు, తమిళులతో పాటు తెలుగువాళ్లూ చేరే పటాలం అది. మర్నాడే బ్రిటిష్ సైన్యం కైరోలో ప్రవేశించింది. తర్వాత 70 ఏళ్లు షెపర్డ్ హోటల్ దర్జా అంతా ఆ ఆక్రమణ నీడలోనిదే.

అరుగు

అందరూ ఫొటోల్లో చూసే హోటల్ 1891 నాటిది. తర్వాత 1899, 1904, 1909, 1927లలో పెంచుతూ పోయారు. లోపల మూరిష్ పద్ధతిలో మధ్య హాలు, దానిపైన రంగుటద్దాల గుమ్మటం. నాట్యశాలలో కర్ణాక్ గుడి స్తంభాలకు అనుకరణగా తామర స్తంభాలు. ఎవరో దీన్ని ఐరోపావాడి కలలోని తూర్పుదేశం అంటే ఒప్పుకోవలసిందే. ఒక్క అడుగు బయటపెడితే అసలు తూర్పుదేశం ఉంది, అయినా దాని నకలు లోపల కట్టుకున్నారు.

ఇంగ్లీషు పుస్తకాల్లో అరుగును టెర్రస్ అంటారు. మనకు టెర్రస్ అంటే డాబా గుర్తొస్తుంది, కానీ ఇది అచ్చం వీధి అరుగే: వీధి మట్టానికి కొన్ని అడుగుల ఎత్తు, ముందు కటకటాలు, మధ్యలో మెట్లు, మెట్లకు అటూ ఇటూ సఖారా నుంచి తెచ్చిన రెండు చిన్న సింహికలు (సింహం ఒంటికి మనిషి తల ఉన్న రాతి బొమ్మలు). ఆ కొన్ని అడుగుల ఎత్తే అసలు సంగతి. పైన కూర్చున్నవాడు వీధినంతా చూస్తాడు, వీధిలోవాడు మెట్లెక్కలేడు. పూసలు, విసనకర్రలు, దొంగ పురాతన వస్తువులు అన్నీ కటకటాల సందుల్లోంచే బేరం. కింద నిలబడే దుబాసీలను డ్రాగొమన్‌లు అనేవాళ్లు. ఆ మాట అరబ్బీ 'తర్జుమాన్' నుంచి వచ్చింది, మన తర్జుమాకు చుట్టం. బండి బేరం, గాడిద బేరం, పిరమిడ్ల దగ్గర ఎవడికెంత బక్షీషు ఇవ్వాలన్నది అంతా వాళ్ల చేతిలో ఉండేది.

హోటళ్ల వ్యాపారం కూడా వలస వ్యాపారమే. కైరో సీజను అయిదు నెలలు, వేసవిలో ఈగలు తోలుకోవడమే. ఆల్ప్స్‌లో సీజను సరిగ్గా వేసవి. అందుకే స్విట్జర్లాండు మేనేజర్లు, వంటవాళ్లు, సర్వర్లు వేసవి అక్కడ, చలికాలం ఇక్కడ పనిచేసేవాళ్లు. చార్లెస్ బేలర్ అనే స్విస్ వ్యాపారి ఈ సూత్రం పట్టుకుని షెపర్డ్‌తో పాటు కైరోలోని పెద్ద హోటళ్లను చాలావరకు ఒకే గూటి కిందికి తెచ్చాడు.

ఇంకో విషయాన్ని తరచూ మరిచిపోతారు, చట్టం. ఓటోమన్ కాలం నాటి 'కాపిట్యులేషన్స్' ఒప్పందాల కింద ఈజిప్టులో విదేశీయుడి మీద నేరం మోపితే విచారణ అతని దేశపు కాన్సుల్ కోర్టులోనే. ఆస్తి, అప్పుల తగాదాలకు 1876 నుంచి మిశ్రమ కోర్టులు, అందులో విదేశీ జడ్జీలు. ఆ దేశాలు ఒప్పుకోనిదే కొత్త పన్ను వేయడానికి లేదు. అరుగు మీద కూర్చున్నవాడికీ కింద నిలబడ్డవాడికీ ఎత్తులోనే కాదు, కోర్టులోనూ తేడా ఉండేదన్నమాట. 1937లో మోంట్రో ఒప్పందం దీన్ని రద్దు చేసింది, మిశ్రమ కోర్టులు మాత్రం 1949 అక్టోబరు దాకా నడిచాయి. 1947 కంపెనీల చట్టం గుమాస్తాల్లో 75 శాతం, కార్మికుల్లో 90 శాతం ఈజిప్షియన్లే ఉండాలంది. స్విస్ మేనేజరు, గ్రీకు బార్‌మన్, ఇటాలియన్ వంటవాడు అనే పాత వరస మీద పడ్డ మొదటి దెబ్బ నిప్పుది కాదు, ఈ చట్టానిది.

రెండో ప్రపంచయుద్ధంలో హోటల్ మళ్లీ కిటకిటలాడింది. అధికారులకే ప్రవేశం, మామూలు సిపాయికి లేదు. పడమటి ఎడారిలో నాలుగో ఇండియన్ డివిజన్ పోరాడుతున్నా, అందులోని జవానుకు షెపర్డ్ అంటే దూరం నుంచి కనిపించే దీపాలే. 1942 జులై మొదట్లో జర్మన్ సేనాని రోమెల్ అల్ అలమైన్ దాకా వచ్చినప్పుడు బ్రిటిష్ కార్యాలయాల్లో కాగితాలు తగలబెట్టారు, కాలిన ముక్కలు కైరో వీధుల్లో ఎగిరాయి. రోమెల్ షెపర్డ్‌కు చేరితే చాలు, అక్కడి సర్వీసు ఆలస్యానికి తానే ఆగిపోతాడని సైనికులు వేళాకోళం చేసుకునేవాళ్లు.

ఆడవాళ్లకు ప్రవేశం లేని లాంగ్ బార్‌లో ఆ ఏడాదే జో షలోమ్ అనే కైరో యూదు బార్‌మన్ తలనొప్పి మందుగా ఒక కాక్‌టెయిల్ తయారుచేశాడు. దాని పేరు 'సఫరింగ్ బాస్టర్డ్'. మత్తు దిగని అధికారి తనను తాను తిట్టుకున్నట్టుంటుంది. బ్రాందీ, జిన్ సమానంగా, నిమ్మరసం, అంగోస్టూరా ఒకటి రెండు చుక్కలు, పైన అల్లం సోడా, ఒక పుదీనా రెమ్మ. అల్లం, పుదీనా, నిమ్మ కడుపును సర్దుతాయన్నది కిటుకు. జో అంతకుముందు ఫార్మసీ పని నేర్చుకున్నవాడు.

1952 జనవరి 26, శనివారం

1951 అక్టోబరులో ప్రధాని నహ్హాస్ పాషా కాలువ ప్రాంతంలో బ్రిటిష్ సైన్యాన్ని ఉండనిచ్చిన 1936 నాటి ఒప్పందాన్ని రద్దు చేశాడు. అక్కడ ఆ సైన్యం మీద దాడులు పెరిగాయి. జనవరి 25న ఇస్మాయిలియాలో ఆయుధాలు అప్పగించమన్న బ్రిటిష్ హుకుంను పోలీసులు కాదన్నారు. ట్యాంకులతో కొట్టిన ఆ దాడిలో సుమారు 50 మంది పోలీసులు చనిపోయారు. మర్నాడు పొద్దున కైరోలో మొదట రోడ్డెక్కింది పోలీసులే. ఆ రోజు గుంపులను ఎవరూ ఎందుకు ఆపలేదన్న ప్రశ్నకు సగం జవాబు ఇందులోనే ఉంది. మిగతా సగం అబ్దీన్ రాజభవనంలో. ఫారూక్ రాజు అప్పుడే పుట్టిన కొడుకు పేరిట వందలాది సైనిక, పోలీసు అధికారులకు మధ్యాహ్నం విందు ఇస్తున్నాడు.

నిప్పు మొదట అంటుకుంది ఒపేరా చౌరస్తాలో బదియా నృత్యశాలకు. అక్కడి నుంచి షెపర్డ్ కొద్ది నిమిషాల నడక. తర్వాత సినిమాహాళ్లు, బ్యాంకులు, టర్ఫ్ క్లబ్బు, బార్లు. మధ్యాహ్నం దాటాక హోటల్‌లో చొరబడినవాళ్లు సోఫాలు, తెరలు, తివాచీలు మధ్య హాల్లో కుప్పేసి పెట్రోలు పోశారు.

ఆ భవనానికి గొప్ప పేరు తెచ్చిన హాలే దాన్ని ముంచింది. నడుమ ఎత్తైన ఖాళీ, చుట్టూ మెట్లు, నడవాలు, పైన గాజు గుమ్మటం. కింద మంట రాజుకుంటే వేడి గాలి నేరుగా పైకి లేస్తుంది. ఆ వేడికి గాజు పగిలి గుమ్మటం కూలితే అది పొయ్యి గొట్టమే. కింద తలుపుల్లోంచి గాలి లాక్కుంటుంది, పక్కనున్న ప్రతి నడవాలోకి మంటను నెడుతుంది. చెక్క పలకలు, వార్నిషు, తెరలు దానికి మేత. ఆర్పడానికి వచ్చినవాళ్ల నీటి గొట్టాలను గుంపు కోసేసింది. సైన్యం వీధుల్లోకి వచ్చేసరికి పొద్దు వాలింది. ఊళ్లో ఆ రోజు దెబ్బతిన్నవి సుమారు 750 కట్టడాలు.

ఎవరు చేయించారన్నది ఈనాటికీ తేలలేదు. ముస్లిం బ్రదర్‌హుడ్ అన్నారు, సోషలిస్టు నాయకుడు అహ్మద్ హుసేన్‌ను అరెస్టు చేశారు, రాజే చేయించాడన్నారు, బ్రిటిష్ వాళ్ల పనే అన్నవాళ్లూ ఉన్నారు. పెట్రోలు, కోతలకు సరంజామా ముందే సిద్ధంగా ఉండటం చూస్తే కొంత ఏర్పాటు ఉందనిపిస్తుంది. కానీ ఏర్పాటు ఎవరిదైనా, షెపర్డ్‌ను ఎంచుకోవడానికి ఎవరికీ చీటీ రాసి ఇవ్వక్కర్లేదు. 60 ఏళ్లుగా ఆ అరుగు కింద నడిచిన ఊరు అది. అరుగుకు మూలాధారమైన ఇండియా దారి కూడా 1947 ఆగస్టుతోనే సామ్రాజ్యపు దారి కాకుండా పోయింది. ఆరు నెలలు తిరగకుండానే, జులై 23న సైనికాధికారులు అధికారం చేజిక్కించుకున్నారు, మూడు రోజులకు రాజును దించారు.

పాత చోట హోటల్ మళ్లీ ఎందుకు కట్టలేదంటే, ఊరి కేంద్రం మళ్లీ నడిచింది, ఈసారి నది వైపుకు. నైలు వెంట కార్నిష్ రోడ్డు వచ్చింది, కస్ర్ అల్ నైల్‌లో బ్రిటిష్ బారకాసులున్న చోట 1959లో నైల్ హిల్టన్ తెరిచారు. రైలు దిగి గుర్రబ్బండిలో వచ్చే అతిథి పోయి, విమానం దిగి కారులో వచ్చే అతిథి వచ్చాడు. అతనికి తోట ఎదుట అరుగు కన్నా నదివైపు బాల్కనీ కావాలి. 1957లో తెరిచిన కొత్త షెపర్డ్ ఆ లెక్కకు కట్టింది. 1956 సూయెజ్ యుద్ధం తర్వాత విదేశీ ఆస్తులు ప్రభుత్వపరం కాసాగాయి, జో షలోమ్ కూడా దేశం విడిచి హిల్టన్ హోటళ్లలో చేరాడు. ఇప్పుడు భవనం ప్రభుత్వరంగ సంస్థ ఈగోత్‌ది. 2014లో మరమ్మతులకని మూశారు. 2020లో సౌదీ పెట్టుబడితో బాగుచేసి మాండరిన్ ఓరియంటల్ నడుపుతుందని ప్రకటించారు.

పాత చోటు చూడాలనుకుంటే మెట్రోలో అతాబా స్టేషన్లో దిగి ఒపేరా చౌరస్తాకు నడవాలి. ఒపేరా హౌస్ ఉండదు, 1971లో అదీ కాలిపోయింది. గుర్రం మీద ఇబ్రహీం పాషా విగ్రహం మాత్రం నిలబడే ఉంది. తోటను కుడిచేతి వైపు ఉంచుకుని సాగే వీధి ఒకప్పుడు ఆయన పేరు మీదే ఉండేది, ఇప్పుడు గుమ్హూరియా, అంటే గణతంత్ర వీధి. హోటల్ అరుగు ఆ వీధి మీదే, ఎడమ వైపున ఉండేది. అక్కడ షెపర్డ్ పేరు ఎక్కడా కనిపించదు. పక్కన తిరిగే సందడి వీధికి మాత్రం అల్ అల్ఫీ అని బోర్డుంటుంది, మేడ కట్టించుకుని కొద్ది వారాలైనా అందులో ఉండలేకపోయిన ఆ మమ్లూకు దొర పేరు.